గుండె సార్కాయిడోసిస్‌కి స్టెరాయిడ్ చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

గుండెలో సార్కాయిడోసిస్ ఉందని తేలి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చీటీ చేతికొచ్చాక రోగులూ ఇంట్లోవాళ్లూ అడిగే సందేహాలు దాదాపు అవే అవే. వాటిని చికిత్స సాగే వరుసలో ఇక్కడ పెట్టాం. దేనికది విడిగా చదువుకోవచ్చు. ఇక్కడి మోతాదులు సాధారణంగా వాడేవి. మీ చీటీలో వేరే అంకె ఉంటే చీటీదే చెల్లుబాటు.

## మందు మొదలు కాకముందు

సార్కాయిడోసిస్ అంటే ఊపిరితిత్తుల జబ్బు కదా, గుండెకెలా వచ్చింది?

రోగనిరోధక కణాలు గుంపుగా చేరి గ్రాన్యులోమా అనే చిన్న చిన్న ముద్దలు కట్టడమే ఈ జబ్బు. ఊపిరితిత్తులు, ఛాతీలోని లింఫు గ్రంథుల్లో ఎక్కువగా కనిపిస్తాయి గానీ కన్ను, చర్మం, కాలేయం, గుండె దేన్నీ వదలవు. సార్కాయిడోసిస్ ఉన్నవాళ్లలో సుమారు 5 శాతం మందికి గుండె లక్షణాలు బయటపడతాయి. స్కాన్లలో, పోస్ట్‌మార్టంలలో వెతికితే నాలుగో వంతు మంది దాకా గుండెలో జాడలు దొరికాయి. గుండె విషయంలో ముద్ద ఎంత పెద్దదన్నదానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. కరెంటు దారి మీద పడితే హార్ట్ బ్లాక్, కింది గదుల కండరంలో పడితే వీటీ అనే ప్రమాదకరమైన వేగం, కండరమంతా పాకితే పంపింగ్ తగ్గడం. ఊపిరితిత్తుల ఎక్స్‌రే శుభ్రంగా ఉండి గుండెకి మాత్రమే వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఒక డాక్టరు టీబీ అన్నారు, ఇంకొకరు సార్కాయిడ్ అన్నారు. ఎవరిని నమ్మాలి?

డాక్టర్ల మధ్య తేడా రావడం వింతేమీ కాదు. రెండు జబ్బుల్లోనూ ఛాతీ లింఫు గ్రంథులు ఉబ్బుతాయి, రెండింట్లోనూ గ్రాన్యులోమాలుంటాయి, రెండూ పెట్ స్కాన్‌లో ఒకేలా వెలుగుతాయి. 2011లో హైదరాబాద్ హృద్రోగ నిపుణుల బృందం ఒకటి సరిగ్గా ఈ చిక్కునే ప్రచురించింది: పంపింగ్ బాగానే ఉండి వీటీ వస్తున్న కొందరిలో ఛాతీ గ్రంథులు పరీక్షిస్తే గ్రాన్యులోమాలు బయటపడ్డాయి, వాటిలో కొన్ని సార్కాయిడ్, కొన్ని టీబీ.

తేల్చడానికి ఈబస్ పద్ధతిలో, అంటే శ్వాసనాళంలోకి గొట్టం పంపి, గ్రంథి నుంచి సూదితో ముక్క తీస్తారు. ఆ ముక్కని మూడు చోట్లకి పంపాలి: బయాప్సీకి, జీన్‌ఎక్స్‌పర్ట్ అనే త్వరిత టీబీ పరీక్షకి, టీబీ కల్చర్‌కి. కల్చర్ పూర్తి ఫలితానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. మధ్యలో కుళ్లిన గ్రాన్యులోమా అయితే టీబీ వైపు మొగ్గు, అయితే కుళ్లు కనిపించనంత మాత్రాన టీబీ కాదని కొట్టేయలేం. చర్మం మీద చేసే మాంటూ అనే టీబీ పరీక్ష సార్కాయిడ్‌లో తరచుగా నెగెటివ్ వస్తుంది కాబట్టి, అది గట్టిగా పాజిటివ్ అయితే మళ్లీ ఆలోచించాల్సిందే.

కొన్నిసార్లు టీబీ మందులూ, స్టెరాయిడూ కలిపి మొదలుపెడతారు. అప్పుడొక మెలిక ఉంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ప్రెడ్నిసొలోన్‌ని ఒంట్లో త్వరగా కరిగించేసి, దాని బలాన్ని దాదాపు సగానికి దించేస్తుంది. అందుకే స్టెరాయిడ్ మోతాదు పెంచాల్సి వస్తుంది. రిఫాంపిసిన్ ఆపిన కొన్ని వారాలకు ఆ పెంపుని వెనక్కి తీసుకోవడం మరిచిపోకూడదు.

పెట్ స్కాన్‌కి ముందురోజు అన్నం ముట్టొద్దన్నారు. అంత పట్టింపు ఎందుకు, ఏం తినాలి?

గుండె కండరం చక్కెరనైనా కొవ్వునైనా ఇంధనంగా వాడుకోగలదు. స్కాన్‌లో ఎక్కించేది చక్కెర లాంటి పదార్థమే. పిండిపదార్థం పూర్తిగా ఆపితే ఆరోగ్యమైన కండరం కొవ్వుకి మళ్లుతుంది, ఎక్కించిన చక్కెరని జబ్బు చోటు మాత్రమే పీల్చుకుని వెలుగుతుంది. ఒక్క ఇడ్లీ తిన్నా గుండె అంతా వెలిగి స్కాన్ పనికిరాకుండా పోవచ్చు.

సాధారణంగా ముందురోజు రెండు పూటలు కొవ్వు ఎక్కువ, పిండి లేని భోజనం, ఆపైన 12 గంటలకు తగ్గకుండా ఉపవాసం పెట్టమంటారు. గుడ్లు, చికెన్, మటన్, చేప నూనెలోనో నెయ్యిలోనో వేయించుకోవచ్చు. అసలు తప్పు జరిగేది పైపూతల దగ్గర: చికెన్ 65కి కార్న్‌ఫ్లోర్, చేపల వేపుడుకి బియ్యప్పిండి, పకోడీకి శనగపిండి. ఇవన్నీ పిండే. పప్పు, పెరుగు, పాలు పోసిన కాఫీ, పళ్లు, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్, దగ్గు సిరప్, తీపి వక్కపొడి, చూయింగ్ గమ్ ఏవీ వద్దు. ఉల్లి, టమాటా గ్రేవీ కూడా మానడం మేలు. శాకాహారులకి ఇది నిజంగా కష్టం. నెయ్యిలో వేయించిన పనీర్‌ని కొన్ని సెంటర్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోక 18 గంటల ఉపవాసం పెట్టమంటాయి. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆసుపత్రిలో చేరి ఉన్నవాళ్లకి గ్లూకోజ్ సెలైన్ ఎక్కకుండా నర్సుకి చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ సంగతి స్కాన్ సెంటర్‌తో మాట్లాడకుండా సొంతంగా మార్చుకోకూడదు.

గుండె బయాప్సీలో ఏమీ దొరకలేదు. అయినా స్టెరాయిడ్ ఇస్తామంటున్నారు, ఇది సబబేనా?

సబబే కావచ్చు. జబ్బు గుండెలో అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది, సూది పడిన చోట లేకపోవచ్చు. గుండె బయాప్సీలో గ్రాన్యులోమా దొరికేది సుమారు నలుగురిలో ఒకరికే. గ్రంథిలోనో చర్మంలోనో సార్కాయిడ్ రుజువై, గుండె ఎంఆర్‌ఐలో లేదా పెట్ స్కాన్‌లో దానికి తగ్గ మార్పులుండి, వాటికి వేరే కారణం లేకపోతే గుండె సార్కాయిడోసిస్ అనే లెక్కిస్తారు. ఏ ముక్కలోనూ రుజువు లేకుండా, స్కాన్ ఒక్కదాని మీదే ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మొదలుపెట్టమంటే మాత్రం ఇంకో నిపుణుడి అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు.

ఐసీడీ (ప్రమాదకరమైన వేగం వస్తే షాక్ ఇచ్చి గుండెని సరిచేసే, ఒంట్లో అమర్చే మిషన్) ముందా, స్టెరాయిడ్ ముందా? మాత్రలతో తగ్గేదానికి మిషన్ ఎందుకు?

స్టెరాయిడ్ ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే జబ్బు తెచ్చిన వాపుని, తగ్గిస్తుంది, అప్పటికే పడిన మచ్చని తగ్గించదు. వీటీ చాలాసార్లు ఆ మచ్చ చుట్టూనే తిరుగుతుంది. అందుకే వీటీ వచ్చినవాళ్లకి, గుండె ఆగి బతికినవాళ్లకి, మందులు సరిగ్గా వాడినా పంపింగ్ 35 శాతం దాటనివాళ్లకి ఐసీడీ తప్పదంటారు. హార్ట్ బ్లాక్ వల్ల పేస్‌మేకర్ అవసరమైతే, మామూలు పేస్‌మేకర్ బదులు ఐసీడీ ఉన్నదే పెట్టడం మంచిదని మార్గదర్శకాలు చెబుతాయి. బ్లాక్ స్టెరాయిడ్‌తో కొందరిలో తగ్గుతుంది, ఎవరిలో తగ్గుతుందో ముందే చెప్పలేం, తగ్గినా మళ్లీ రావచ్చు.

వరుస విషయానికొస్తే, వీలుంటే మిషన్ ముందు పెట్టి, గాయం మానుతుండగా స్టెరాయిడ్ మొదలుపెట్టడం చాలామంది ఎంచుకునే దారి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద కోస్తే గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువే. గుండె ఎంఆర్‌ఐ చేయాల్సి ఉంటే అది మిషన్‌కి ముందే అయిపోవాలి, తర్వాత తీసిన బొమ్మల్లో మిషన్ నీడ పడుతుంది.

మొదటి మాత్రకి ముందు ఏ పరీక్షలు అడగాలి?

ఫాస్టింగ్ షుగర్, తిన్నాక షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), సీబీసీ (రక్తకణాల లెక్క), కాలేయం, క్రియాటినిన్, పొటాషియం, కాల్షియం. హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే నిద్రపోతున్న వైరస్ స్టెరాయిడ్‌తో లేస్తుంది. టీబీకి ఛాతీ స్కాన్, మాంటూ లేదా ఇగ్రా అనే రక్తపరీక్ష. కంటి పరీక్ష రెండు రకాలుగా పనికొస్తుంది: సార్కాయిడ్ కంటికి సోకిందేమో చూడటానికి, గ్లకోమా, శుక్లాల మొదటి కొలత రాసిపెట్టుకోవడానికి. మట్టిలో చెప్పుల్లేకుండా పనిచేసేవాళ్లకి స్ట్రాంజిలాయిడ్స్ అనే పేగు పురుగు సంగతి అడగాలి. స్టెరాయిడ్ మీద అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది, దానికి సరైన మందు ఐవర్‌మెక్టిన్.

## మోతాదు, తొలి నెలలు

నాకు 30 రాశారు, మా బంధువుకి 60 రాశారు. తక్కువ ఇస్తున్నారా?

కాదు. కిలో బరువుకి అర మిల్లీగ్రాము లెక్కన 30 నుంచి 40 మి.గ్రా. ఇప్పుడు ఎక్కువమంది వాడే మోతాదు. జపాన్‌లో 2001లో 95 మంది రోగుల మీద వచ్చిన అధ్యయనంలో 30కి మించి మొదలుపెట్టినవాళ్లకీ, 30 లోపు మొదలుపెట్టినవాళ్లకీ బతికే కాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా తెచ్చింది వేరే: పంపింగ్ ఇంకా బాగున్నప్పుడే చికిత్స అందినవాళ్లు ఎక్కువ కాలం బతికారు. మాత్ర సైజు గురించి కంగారుపడేకన్నా మొదలుపెట్టడంలో ఆలస్యం గురించి కంగారుపడాలి. వీటీ ఆగకుండా వస్తున్నా, గుండె బాగా బలహీనపడినా మూడు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 500 నుంచి 1000 మి.గ్రా. సెలైన్‌లో ఎక్కిస్తారు. అది మానిటర్ పెట్టి, నెమ్మదిగా, పొటాషియం చూసుకుంటూ చేయాల్సిన పని.

షాపులో ప్రెడ్నిసొలోన్ లేదని డెఫ్లాజాకార్ట్ ఇచ్చారు. అంకె అదే వేసుకోవాలా?

అంకె అదే కాదు. ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా.కి సమానం డెఫ్లాజాకార్ట్ 6, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 4, డెక్సామెథసోన్ 0.75. అంటే 30 ప్రెడ్నిసొలోన్ బదులు 36 డెఫ్లాజాకార్ట్ కావాలి. వైసొలోన్, ఆమ్నాకార్టిల్ రెండూ ప్రెడ్నిసొలోనే, వాటి మధ్య మార్పు అవసరం లేదు. పేరు మారితే వేసుకునే ముందు డాక్టరుకి ఒక్క ఫోన్ చేయండి.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఉపవాసం రోజు, రోజా రోజుల్లో ఎలా?

రోజుకొక్కసారి, ఉదయం టిఫిన్ తిన్నాక, 8 గంటల ప్రాంతంలో. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. ఏకాదశి, శివరాత్రి అని ఆ పూట మాత్ర మానేయడం కుదరదు. పాలతోనో పండుతోనో వేసుకోండి. రోజా పాటించేవాళ్లు సహరీ భోజనంతో వేసుకుంటే మోతాదు తప్పదు, అయితే మోతాదు ఎక్కువగా ఉన్న తొలి నెలల్లో, షుగర్ లేక పంపింగ్ సమస్య ఉన్నప్పుడు రోజా ఉండాలా వద్దా అన్నది ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఫాస్టింగ్ షుగర్ 92 వచ్చింది. షుగర్ లేనట్టేనా?

ఆ ఒక్క అంకెని నమ్మొద్దు. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌ని పెంచేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, తెల్లారేసరికి దిగిపోతుంది. అందుకే చూడాల్సింది మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు. తొలి నెలలో వారానికి రెండుసార్లు అలా చూసుకుంటే చాలు. అది 200 దాటుతుంటే డాక్టరుకి చెప్పండి. రాత్రి ఇన్సులిన్ పెంచి పొద్దున షుగర్ పడిపోయేలా చేసుకోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

ఎముకలకి మంచిదని విటమిన్ డి 60,000 సాషే వేసుకోవచ్చా?

అడగకుండా వేసుకోకండి. మామూలు స్టెరాయిడ్ రోగికి చెప్పే సలహా సార్కాయిడ్ రోగికి అచ్చంగా వర్తించదు. గ్రాన్యులోమాలు విటమిన్ డిని దాని చురుకైన రూపంలోకి సొంతంగా మార్చేస్తాయి, దాంతో రక్తంలో కాల్షియం పెరిగి దాహం, మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు, కిడ్నీ దెబ్బ. పైగా రక్తపరీక్షలో మామూలుగా కొలిచే 25 హైడ్రాక్సీ రకం తక్కువగా ఉన్నా చురుకైన రకం ఎక్కువగా ఉండొచ్చు. రెండు రకాలూ, కాల్షియమూ చూసి, నిజంగా లోటుంటే చిన్న రోజువారీ మోతాదు ఇస్తారు. ఆరు లక్షల యూనిట్ల ఇంజక్షన్ జోలికి మాత్రం పోకండి. ఎముకల సంగతి డెక్సా స్కాన్‌తో తేల్చుకుని, అవసరమైతే వారానికొకసారి అలెండ్రోనేట్ 70 మి.గ్రా. రాస్తారు.

మందు మొదలయ్యాక కాళ్లు వాచాయి, గుండె దడదడ కొట్టుకుంటోంది. మందు పడలేదా?

స్టెరాయిడ్ ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెడుతుంది, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. దానికి లాసిక్స్, డైటార్ లాంటి మూత్రం మాత్రలు తోడైతే పొటాషియం ఇంకా పడిపోతుంది, పొటాషియం పడితే వీటీ లేస్తుంది. వీటీ చరిత్ర ఉన్నవాళ్లలో 4కి తగ్గకుండా ఉంచాలని చూస్తారు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు పక్కన పెట్టండి. దడ విషయంలో ఆగొద్దు, ఆరోజే ఈసీజీ తీయించండి. తొలి నెలల్లో స్టెరాయిడ్ వాడుతున్నా వీటీ కొత్తగా రావడం జరుగుతుంది.

వారానికొకసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ కూడా రాశారు. ఎందుకు?

ఇది రోగనిరోధక శక్తిని అణిచే మందు, స్టెరాయిడ్‌ని త్వరగా తగ్గించగలగడానికి ఇస్తారు. మామూలుగా వారానికి 10 నుంచి 20 మి.గ్రా., మర్నాడు ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. పూర్తిగా పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి, స్టెరాయిడ్‌తో పాటే మొదలుపెట్టేవాళ్లు ఎక్కువవుతున్నారు. ఇందులో ప్రాణాంతకమైన పొరపాటు ఒక్కటే: వారం మందుని రోజూ మింగడం. క్యాలెండర్‌లో వారానికి ఒక్క రోజుకి గుండ్రం చుట్టి, ఆ రోజు మాత్రమే ఇంట్లో ఇంకొకరు తీసి ఇచ్చేలా పెట్టుకోండి. నోట్లో పుళ్లు, జ్వరం వస్తే ఆపి సీబీసీ చేయించాలి. న్యుమోనియా రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ రకం మాత్రలు దీనితో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి, ఆ రెండూ ఒకే చీటీలో కనిపిస్తే తప్పకుండా అడగండి. గుండె లయ సరిచేసే అమియోడరోన్ కూడా వాడుతుంటే ఊపిరితిత్తులు, కాలేయం మీద ఓ కన్నేసి ఉంచాలి, రెండు మందులూ వాటినే దెబ్బతీస్తాయి.

గజ్జల్లో తామర వచ్చింది. స్కిన్ డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు, వేసుకోవచ్చా?

గుండె పంపింగ్ తగ్గి ఉంటే వద్దు. ఇట్రాకొనజోల్ గుండెని మరింత బలహీనపరచగలదు, పైగా స్టెరాయిడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. చర్మ వైద్యుడికి గుండె జబ్బు సంగతి చెబితే పైపూతలతోనో టెర్బినాఫిన్‌తోనో నడిపిస్తారు. షాపులో అడిగి తెచ్చుకునే మూడు మందులు కలిపిన క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, తామర వాటితో ఇంకా పాకుతుంది.

మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ చేయించుకోవచ్చా?

డైక్లోఫెనాక్ ఇంజక్షన్ స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు, గుండె బలహీనంగా ఉంటే నీరు చేరడం. రెండో ప్రమాదం, ఆ సిరంజిలో డెక్సామెథసోన్ కూడా కలిపి ఉండటం. మీకు తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది. పారాసెటమాల్ చాలు. నొప్పి మోకాలిలో కాకుండా గజ్జలో మొదలై, నడిస్తే పెరుగుతుంటే తుంటి ఎంఆర్‌ఐ చేయించండి, తుంటి ఎముక తలకి రక్తం అందకపోవడం స్టెరాయిడ్ తెచ్చే ఇబ్బందుల్లో ఒకటి.

జ్వరం, వాంతులు వస్తే స్టెరాయిడ్ ఆపేయాలా?

అస్సలు ఆపకూడదు. మూడు వారాలు దాటి వాడినవాళ్లలో ఒంట్లో సహజంగా కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. రోజుకి 5, 10 మి.గ్రా. వేసుకుంటున్నవాళ్లకి జ్వరం ఉన్నన్ని రోజులు రెట్టింపు వేసుకోమని చాలామంది డాక్టర్లు ముందే రాసిస్తారు. మాత్ర మింగిన అరగంటలో వాంతి అయితే మళ్లీ వేసుకోండి, అదీ నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లి హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజక్షన్ అడగండి. పర్సులో ‘నేను స్టెరాయిడ్ మీద ఉన్నాను’ అన్న కాగితం, మోతాదుతో సహా, పెట్టుకోండి. పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ అన్నా ముందు అదే చూపించాలి.

## తగ్గించేటప్పుడు, ఆ తర్వాత

నెల తిరిగేసరికి బాగైపోయాను. ఇంకా ఎన్నాళ్లు?

బాగనిపించడం ఈ జబ్బులో కొలమానం కాదు. లక్షణాలు తగ్గినా స్కాన్‌లో వెలుగు మిగిలి ఉండొచ్చు. ఒక సాధారణ పద్ధతి ఇది: 30 మి.గ్రా. నాలుగు వారాలు, తర్వాత ప్రతి 2 నుంచి 4 వారాలకి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తూ 5 నుంచి 10 దగ్గర నిలపడం. మొదలుపెట్టిన 3 నుంచి 6 నెలలకి మళ్లీ పెట్ స్కాన్, వీలైతే అదే సెంటర్‌లో, అదే పథ్యంతో. మొత్తం మీద ఏడాదికి తక్కువ కాకుండా నడుస్తుంది, చాలామందికి రెండేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ.

తగ్గిస్తుంటే ఒళ్లునొప్పులు, నీరసం. జబ్బు తిరిగొచ్చిందా?

10 మి.గ్రా. కిందికి దిగేటప్పుడు ఇది ఎక్కువమందికి ఎదురయ్యేదే. అడ్రినల్ గ్రంథులు ఇంకా పూర్తిగా లేవకపోవడం వల్ల కావచ్చు. ఉదయం 8 గంటలకి, ఆరోజు మాత్ర వేసుకోకముందు, సీరమ్ కార్టిసాల్ చూస్తే కొంత తెలుస్తుంది. లేవగానే కళ్లు తిరగడం, వాంతులు, బీపీ తగ్గడం ఉంటే ఆగకుండా చూపించుకోవాలి. దడ, ఆయాసం, స్పృహ తప్పడం మాత్రం గ్రంథుల లెక్కలో వేయకూడదు, అవి గుండెవే అనుకుని ఈసీజీ, హోల్టర్ (రోజంతా తీసే ఈసీజీ) చేయిస్తారు.

పెట్ స్కాన్ క్లియర్ అయింది. ఐసీడీ తీసేయొచ్చా?

తీయరు. వెలుగు పోయిందంటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గిందని మాత్రమే, మచ్చ అలాగే ఉంటుంది, వీటీ ఎప్పుడైనా రావచ్చు. బ్యాటరీ అయిపోయినప్పుడు కూడా మార్చడమే మామూలు.

స్టెరాయిడ్ ఆపిన కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఇక దారేముంది?

తిరగబెట్టడం అరుదు కాదు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఆపిన తొలి నెలల్లో. మోతాదు మళ్లీ పెంచి, మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, మైకోఫినొలేట్‌లలో ఒకటి చేరుస్తారు. వాటికీ లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా అడాలిముమాబ్. ఇవి నిద్రాణమైన టీబీని లేపడంలో పేరుపడ్డవి కాబట్టి మన దగ్గర టీబీ పరీక్షలన్నీ మళ్లీ చేశాకే ఇస్తారు, గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లలో మరింత జాగ్రత్త పడతారు.

పెళ్లయి ఏడాదైంది. పిల్లల కోసం ఆగాలా?

ప్రెడ్నిసొలోన్ గర్భంలో వాడదగిన మందే, మాయ దాన్ని చాలావరకు నిర్వీర్యం చేసి బిడ్డకి తక్కువగా చేరనిస్తుంది. మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్ మాత్రం గర్భానికి ముందే ఆపి, డాక్టరు చెప్పిన గడువు గడవాలి. అసలు అడ్డంకి తరచుగా మందు కాదు, గుండె పంపింగ్. ఎకో చూసి, కార్డియాలజిస్టు, గైనకాలజిస్టు ఇద్దరూ కలిసి చెప్పాకే ముందుకెళ్లడం మంచిది.

ఐసీడీ షాక్ కొట్టింది, ఇప్పుడు బాగానే ఉన్నాను. పరుగెత్తుకెళ్లాలా?

ఒక్క షాక్ కొట్టి, ఆ వెంటనే మామూలుగా ఉంటే ఆరోజే క్లినిక్‌కి ఫోన్ చేసి మిషన్ చెక్ చేయించుకోండి, అంతవరకూ బండి నడపొద్దు. 24 గంటల్లో రెండో షాక్ కొట్టినా, స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మిషన్ కార్డు, స్టెరాయిడ్ చీటీ, చివరి పొటాషియం రిపోర్టు వెంట తీసుకెళ్లండి. అక్కడి డాక్టరు మొదట అడిగేవి ఆ మూడే.